ముందు సీటు

“రంగు చూసి అనటం లేదండీ నేను. తెల్లదానికి గ్యారంటీ ఉంది, బూడిదరంగుదానికి లేదు. ఇంతకు మించి నేనేమన్నాను?”

“గ్యారంటీ వచ్చి పైపులు మోస్తుందా?” అన్నాడు భర్త, టీ గ్లాసు బల్ల మీద ఠక్కున పెడుతూ. “ఇంజను చూడవే అంటే కాగితాలు చూస్తానంటావు. ఆ బూడిదదాని ఇంజను ముందు నీ తెల్లది వట్టి కుట్టుమిషను.”

“ఆ కుట్టుమిషను మీదే బతుకుతున్నాను నేను. దాన్నేం అనకండి.”

మరిదికి నవ్వొచ్చింది. అన్న ముఖం చూసి నవ్వు మింగేసి, వంగి బూటు లేసు కట్టుకోవటంలో పడ్డాడు.

తగువు నిన్న భోజనాల దగ్గర మొదలైంది. అందరితోపాటు పడుకుని, అందరికంటే ముందు లేచినట్టుంది. డీజిలు బండే కొనాలన్న దాంట్లో ఎవరికీ పేచీ లేదు. ముందు రెండు తలుపులు, వెనక రెండు తలుపులు, ఆ వెనక సామాను తొట్టి ఉండే బండి కావాలన్న దాంట్లోనూ లేదు. బోర్ల పనికి తిప్పే పాత వ్యానుకి ముందు వరస సీట్లు తప్ప ఇంకేం లేవు. ఇంటిల్లిపాదీ ఎక్కడికైనా వెళ్ళాల్సి వస్తే ఎవరో ఒకరు వెనకాల ఇనప పైపుల మధ్య గోనెపట్టా పరుచుకుని కూర్చోవాలి. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ మరిదే. అలాంటి బళ్ళు ఊళ్ళో తమకి అందుబాటులో రెండే కనిపించాయి. ఒకటి షోరూములో ఉన్న తెల్లటి కొత్త బండి. ఇంకొకటి పాత బళ్ళ వ్యాపారి దగ్గరున్న బూడిదరంగుది, ఒక రోడ్ల కంట్రాక్టరు వాడి వదిలేసింది, ఇంజను పెద్దది.

“వాడితో వాదం పెట్టుకోకమ్మాయ్,” అంది అత్తగారు కిటికీ దగ్గర కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ. “బోరులో ఎంతో లోతున తిరిగే మోటారు పైకి ఏమంటోందో వాడు చెప్తాడు. బానెట్టు కింద ఉన్న ఇంజను వాడికో లెక్కా?”

“లెక్క కాదనలేదు అత్తయ్యా. మీ చిన్నబ్బాయిని కూడా ఒకమాట అడగమంటున్నాను. అతని కష్టం కూడా ఉందిగా అందులో.”

“వాణ్ణా!” అత్తగారు ఈనె పుటుక్కున తుంచింది. “వాణ్ణి అడిగితే నర్సరీవాళ్ళ మోటారు కాల్చినట్టు దీన్నీ కాల్చిపెడతాడు.”

మరిది రెండో బూటు లేసు కట్టుకున్నాడు. ఆ మొక్కల నర్సరీ మోటారు కాలిపోయి ఎండలు పోయి చలి వచ్చింది, ఆవిడ నోట్లో మాత్రం అది ఇంకా పొగలు కక్కుతూనే ఉంది. నీళ్ళు అందకుండా మోటారు ఒట్టిగా తిరుగుతుంటే స్విచ్చి కట్టెయ్యకుండా నిలబడి చూశాడట. కొత్త మోటారు వీళ్ళే కొనివ్వాల్సి వచ్చింది. అప్పట్నుంచి స్విచ్చి పెట్టె జోలికి వెళ్ళే యోగ్యత అతనికి లేదు. పైపులు లాగటం, చెయిను కట్టటం, బురద కడగటం, అంతవరకే. వదిన కూడా అప్పట్లో, “ఏమయ్యా, కళ్ళెక్కడ పెట్టుకున్నావు?” అని ఒకసారి అంది. అతను, “పొరపాటైపోయింది వదినా,” అన్నాడు. ఆ మాట అంత సులువుగా ఎలా అన్నాడా అని ఆమెకి అప్పుడు తోచలేదు.

“ఇవాళ నీకు సెలవేగా, నువ్వూ రా. రెండూ నడిపి చూపిస్తాను. అప్పుడు మాట్లాడు,” అన్నాడు భర్త లేచి.

“అమ్మకి సెలవులు ఇంకెన్నాళ్ళులే,” అంది అమ్మాయి, జడ అల్లుకుంటూ గదిలోంచి వచ్చి. “సూపర్వైజరు అయ్యాక సెలవు రోజు కూడా పిలుస్తారట కదమ్మా? మా క్లాసులో అందరికీ చెప్పేశాను.”

“అప్పుడే చెప్పేశావా? ఇంకా కుర్చీ కూడా వెయ్యలేదే నాకు.”

“సూపర్వైజరుకి కుర్చీ ఉండదు. నిలబడి అరవాలి,” అన్నాడు మరిది. ఈసారి అత్తగారు కూడా నవ్వింది.

షోరూములో నేల అద్దంలా ఉంది. ముగ్గురూ చెప్పులూ బూట్లూ గుమ్మంలోని పట్టా మీద రెండుసార్లు తుడుచుకుని లోపలికి వెళ్ళారు. నీలం కోటు వేసుకున్న అమ్మాయి ఒకతె వచ్చి బండి గురించి చెప్పటం మొదలుపెట్టింది. భర్త ఆ అమ్మాయి చెప్పేది వింటున్నంతసేపూ ఆమె పెదాల వంకే చూస్తున్నాడు. అది గమనించి భార్య మోచేత్తో పొడిచింది. అతను ఉలిక్కిపడి బండి కిందకి వంగాడు.

బండి చూడటంలో మాత్రం అతనికి అతనే సాటి. మోకాళ్ళ మీద కూర్చుని చక్రాల దగ్గరి కమాను కట్టల్ని ఒక్కొక్కటీ వేలితో తట్టి చూశాడు. తొట్టిలోకి ఎక్కి, రెండు చేతులూ బార్లా చాపి, అటునుంచి ఇటు కొలుచుకున్నాడు. “పైపు తొట్టిలో పట్టదు. వెనక సీట్లు పెట్టిన బళ్ళన్నిటికీ ఇదే రోగం. క్యాబిను పైకి చట్రం వేయించుకోవాలి,” అన్నాడు. “మరి ఆ బూడిదదాంట్లో పడుతుందా?” అంది ఆమె. అతను తొట్టి అంచున రేకు మందం చూస్తూ జవాబు చెప్పలేదు. పొద్దుటి కోపం ఇంకా దిగలేదనుకుంది.

ఆమె వెనక తలుపు తీసుకుని కూర్చుని చూసింది. వీపు నిటారుగా పెట్టి కూర్చోవాలి, అయినా మోకాళ్ళు ముందు సీటుకి తగలటం లేదు. సీటు ఎత్తితే కింద పానాలూ తాళ్ళూ పెట్టుకునేంత చోటుంది. కిటికీ అద్దం మీట నొక్కితే మెత్తగా దిగింది. అత్తగారు ఇటు, అమ్మాయి అటు, మధ్యలో తను. మరిది ముందు. ఎవరూ గోనెపట్టా మీద కూర్చోనక్కర్లేదు. ఒక్క క్షణం ఆ బొమ్మ చూసుకుని మళ్ళీ సీటు దించేసింది.

నడిపి చూడటానికి బయల్దేరినప్పుడు నీలం కోటు అమ్మాయి ముందు కూర్చుంది. వదినా మరిదీ వెనక కూర్చున్నారు.

“క్లచ్చి బరువుగా ఉందాండీ?” అంది ఆమె.

అతను గేరు మార్చాడు.

“ఏమండీ, మిమ్మల్నే. క్లచ్చి ఎలా ఉందంటే?”

అతను రోడ్డు చూస్తున్నాడు. ముందున్న అమ్మాయి అతని వైపు తిరిగి, “క్లచ్ ఎలా ఉంది సార్?” అంది. “బాగుందమ్మా, వెన్నలా ఉంది,” అన్నాడు వెంటనే. పరాయి పిల్ల అడిగితే వెన్న, పెళ్ళాం అడిగితే మౌనం. ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది. పెళ్ళయిన కొత్తలో అయితే కళ్ళ నీళ్ళు వచ్చేవి. ఇప్పుడు అలవాటైపోయింది. టీవీ పెద్దగా పెట్టుకుని కూర్చుంటాడు, పది మాటలు మాట్లాడితే ఒకదానికి ఆఁ అంటాడు, అది కూడా తప్పు మాటకి అంటాడు.

నాలుగు రోడ్ల దగ్గరికి వచ్చేసరికి మరిది ముందుకి వంగి అన్న ఎడమ భుజం మీద చెయ్యి వేశాడు. అన్న తల కొంచెం వెనక్కి తిప్పాక, “ఎత్తు రోడ్డు ఎక్కించి చూడన్నయ్యా,” అన్నాడు. అతను తలూపి బండి అటు తిప్పాడు. తమ్ముడి మాట వింటాడు పోనీ అనుకుంది ఆమె. భుజం మీద చెయ్యి ముందు పడిందనీ, మాట తరవాత వచ్చిందనీ చూసింది కానీ, చూసిందాన్ని ఏం చేసుకోవాలో తెలియలేదు.

పాత బళ్ళ వ్యాపారి దొడ్డి ఊరి చివర ఉంది. కంకర నేల, రేకుల పాక, దాని ముందు ఎండలో నిలబెట్టిన బళ్ళు. వాళ్ళు వెళ్ళేసరికి బూడిదరంగు బండి కడిగి, టైర్లకి నల్ల రంగు పూసి సిద్ధంగా ఉంది. మరిది అటుగా నడుస్తూ బానెట్టు మీద అరచెయ్యి వేసి, తీసేసి, ప్యాంటుకి తుడుచుకున్నాడు.

“ముందే వేడెక్కించి పెట్టారే,” అన్నాడు.

“మీరొస్తున్నారని ఒక చుట్టు తిప్పి తెచ్చా తమ్ముడూ,” అన్నాడు వ్యాపారి పంట్లో పుల్ల అటునుంచి ఇటు మారుస్తూ. “నిద్రపోతున్న బండిని చూపిస్తామా పెద్దమనుషులకి?”

సీట్లు పెద్దవి, మెత్తవి, అక్కడక్కడా మాసినవి. వెనక తొట్టి అడుగున గీతలు పడినా రేకు గట్టిగా ఉంది. భర్త కళ్ళల్లో వెలుగు ఆమె చూసింది. బజారులో మంచి పానా కనిపిస్తే వచ్చే వెలుగు అది. బండి తాళం తిప్పి ఇంజను తిరగనిచ్చి, దిగి వచ్చి బానెట్టు ఎత్తాడు. చొక్కా జేబులోంచి పొడుగాటి స్క్రూడ్రైవరు తీశాడు. ఊళ్ళో అందరూ అతన్ని చెవి మేస్త్రి అనటానికి కారణం అతని చెవే. బోరు మీద నీళ్ళ గొట్టానికి పానా ఆనించి, ఆ పానాకి చెవి ఆనించి, అడుగున మోటారు బేరింగు అరిగిందో, ఇసక తింటోందో, నీళ్ళు లేక ఒట్టిగా తిరుగుతోందో చెప్పేవాడు. అతను చెవి ఆనించినప్పుడు చుట్టూ నిలబడ్డవాళ్ళు ఊపిరి బిగబట్టేవాళ్ళు.

ఇప్పుడూ స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద పెట్టి, పిడి ఎప్పటిలా కుడి చెవికి ఆనించి, కళ్ళు మూసుకున్నాడు.

“కాస్త రేజ్ చెయ్యి,” అన్నాడు. వ్యాపారి సీట్లోకి ఎక్కి కాలితో తొక్కాడు.

అప్పుడు వినిపించింది ఆమెకి. ఇంజను గుర్రుమనే మోత అడుగున, గట్టిగా, ఎడతెగకుండా, లోపల ఎవరో సుత్తి పట్టుకుని కూర్చుని కొడుతున్నట్టు. టక్, టక్, టక్, టక్. తొక్కేకొద్దీ పెరుగుతోంది, వదిలితే తగ్గుతోంది. డీజిలు బండి కదా, ఇలాగే ఉంటుందేమో అనుకుంది. కానీ ఇందాకటి తెల్లది డీజిలే, అదిలా కొట్టుకోలేదు. ఫ్యాక్టరీలో ఆమె కూర్చునే వరసకి అవతల వరసలో ఎవరి మిషనైనా సూది వంకర పోతే ఆమె తల ముందు తిరుగుతుంది. సూపర్వైజరు పని ఇస్తున్నది కూడా అందుకే.

ఇక ఆయన కళ్ళు తెరుస్తాడు, వ్యాపారికి నాలుగు చీవాట్లు పెడతాడు, అనుకుంది. వ్యాపారి కూడా అదే అనుకుంటున్నట్టున్నాడు. అతని ముఖం మీద నవ్వు ఉంది గానీ గోడకి కొట్టిన మేకులా ఉంది, కదలటం లేదు.

భర్త కళ్ళు తెరిచాడు.

“గడియారంలా ఉంది,” అన్నాడు.

వ్యాపారి ఒక్క లిప్త ఆగి, పెద్దగా నవ్వాడు. “అదీ! చెవి ఉన్నవాడి చేతికి వెళ్తే బండికీ మర్యాద, నాకూ నిశ్చింత.”

ఆమె నోరు తెరిచింది. ఎదురుగా బానెట్టుకి అటువైపు మరిది నిలబడి ఉన్నాడు. అతను ఇంజను వంక చూడటం లేదు. ఆమె వంకే చూస్తున్నాడు. అతనికీ వినపడుతోంది. ఆమెకి వినపడిందని కూడా అతనికి తెలిసిపోయింది. వద్దన్నట్టు తల ఊపాడు, ఊపీ ఊపనట్టు.

ఆమె నోరు మూసుకుంది.

“ఎల్లుండి సాయంత్రం బయానా ఇచ్చేస్తాను,” అంటున్నాడు భర్త, స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుంటూ.

మర్నాడు ఫ్యాక్టరీలో చొక్కా కాలర్లు ఆమె చేతుల కింద నుంచి ఒకదాని వెనక ఒకటి సాగిపోయాయి. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. నిన్నటి నుంచీ తలలో ఒక్కొక్కటే లేచి కూర్చుంటున్నాయి. అమ్మాయికి జ్వరం వచ్చినప్పుడు పక్కగదిలోంచి ఎంత పిలిచినా లేవకపోవటం. పడుకునేటప్పుడు ఎప్పుడూ ఎడమ చెవి పైకి వచ్చేలా తిరగటం. ఏదైనా చెప్తుంటే “ఊరికే సణగకు” అనటం. నా గొంతంటేనే విసుగు ఈయనకి అనుకుని, మాట్లాడటమే తగ్గించేసింది. తగ్గించినందుకు ఆయన ఊరట పడ్డాడని కూడా అనుకుంది. నిజంగానే పడ్డాడేమో, వినపడని మాటలు కొన్ని తగ్గాయని.

మేనేజరు వరసల మధ్య నుంచి వచ్చి ఆమె మిషను పక్కన నిలబడ్డాడు. “వచ్చే సోమవారం నుంచి ఈ లైను నీది. మిషన్లన్నీ నీ చెవిలోనే ఉంటాయి కదా, నేను కొంచెం ప్రశాంతంగా కూర్చుంటాను,” అన్నాడు నవ్వుతూ. పక్క మిషనామె చప్పట్లు కొట్టింది. ఇంకొకామె, “మమ్మల్ని ఎక్కువ తిట్టకే తల్లీ,” అంది. ఆమె నవ్వింది. ఎన్నాళ్ళనుంచో ఎదురుచూసిన మాట అది. కాలరు మడత సరిచేసి మళ్ళీ మిషను పాదం కింద పెట్టింది.

సాయంత్రం గేటు బయట పాత వ్యాను ఆగి ఉంది. మరిది ఒక్కడే ఉన్నాడు.

“అన్నయ్య షెడ్డులో ఉన్నాడు. ఇటుగా వచ్చాను, ఎక్కు వదినా,” అన్నాడు. తీగతో కట్టిన తలుపు విప్పి ఆమెని ఎక్కించుకుని, మళ్ళీ తీగ చుట్టాడు. బండి వీధి మలుపు తిరిగింది.

“ఎప్పట్నుంచి?” అంది ఆమె.

“నాకు తెలిసి చాలా రోజులైంది. అంతకుముందు నుంచే ఉండి ఉంటుంది. మా పనిలో ఎవరికీ తెలియదు వదినా. జెనరేటరు పక్కన అందరం చేతులతోనే కదా మాట్లాడుకునేది. ఎత్తు అంటే పిడికిలి, ఆపు అంటే అరచెయ్యి. అక్కడ అందరం చెవిటివాళ్ళమే.”

“నర్సరీలో?”

అతను గేరు మార్చాడు.

“నిన్నే అడుగుతున్నాను. నర్సరీలో ఏమైంది?”

“ఒట్టిగా తిరుగుతోందన్నయ్యా అని చెప్పాను. అన్నయ్య పానా చెవికి పెట్టుకుని, బానే ఉందిరా, నాకంటే నీకు తెలుసా అన్నాడు. నర్సరీవాళ్ళు అందరూ చూస్తున్నారు. స్విచ్చి దగ్గరికి వెళ్ళబోయాను, చెయ్యి అడ్డం పెట్టాడు.” రోడ్డు వంకే చూస్తూ అన్నాడు, “పొగ వచ్చాక నా వైపు చూశాడు. ఆ చూపు నువ్వు చూడలేదులే. నేనే కాల్చానని నేనే చెప్పాను.”

“మీ అమ్మ రోజూ నిన్ను అన్నేసి మాటలంటుంటే, పడి ఉంటావా అలా?”

“అమ్మ మాటలకి ఏముంది, చిన్నప్పట్నుంచీ తింటున్నవే. చెవి మేస్త్రికి చెవి పోయిందంటే రేపు మనల్ని ఎవడు పిలుస్తాడు వదినా? అంతా ఆ చెవి చూసి ఇచ్చే పనేగా.”

“మరి ఆ బూడిద బండి కొనేస్తే?”

“అదే తెలియటం లేదు. నేను చెప్తే వినడు. నువ్వు చెప్తే నీకెలా తెలిసిందంటాడు.” వ్యాను ఇంటి వీధిలోకి తిప్పుతూ, “నువ్వు నోరు తెరిచేటప్పటికి నా గుండె ఆగిపోయిందనుకో,” అన్నాడు, నవ్వటానికి ప్రయత్నిస్తూ.

ఆ మర్నాడు సాయంత్రం, బయానా ఇవ్వడానికి బయల్దేరాల్సిన వేళకి, ఆమె పని నుంచి వచ్చి చేతిసంచీ కూడా దించకుండా ఇంటి పక్కన షెడ్డులోకి వెళ్ళింది. అతను వాకిలికి వీపు పెట్టి, బల్ల మీద పైపు బిగించి, మరలు తీగ బ్రష్షుతో శుభ్రం చేస్తున్నాడు. తుప్పు పొడి ఎర్రగా రాలుతోంది.

“ఏమండీ,” అంది.

బ్రష్షు తిరుగుతోంది.

ఇంకో అడుగు వేసింది. “ఏమండీ.” గొంతు పెంచింది. “ఏమండీ!”

వీధిలో పోతున్న ఎవరో ఆగి చూసి వెళ్ళారు. ఆమె చేతిసంచీ కింద పెట్టి, చుట్టూ తిరిగి వచ్చి బల్లకి అవతల అతని ఎదురుగా నిలబడింది. అతను తలెత్తాడు. ఆమె ముఖం చూశాడు. ఎంతసేపటి నుంచి వెనక నిలబడి ఉందో అతనికి ఆ ముఖంలో తెలిసింది. బ్రష్షు ఆగిపోయింది.

“ఎడమది కొంచెం వినపడుతుంది,” అన్నాడు. పిల్లవాడు పగలగొట్టిన వస్తువులో మిగిలిన ముక్క చూపించినట్టు అన్నాడు.

“డాక్టరుకి చూపించారా?”

“చూపించాను. చెవి మిషను ఇచ్చాడు. ఇక్కడే, ఈ షెడ్డులో, ఎవరూ లేనప్పుడు పెట్టుకుని చూశాను. మాట వినపడుతుంది. కానీ జెనరేటరు, పానా, బయట కాకి, అన్నీ ఒకే గొంతుతో అరుస్తాయి. మోటారు లోపల చేసే చప్పుడు అందులో దొరకదు. మాట వినటానికా నన్ను పిలిచేది?” చేతికి అంటిన తుప్పు ప్యాంటుకి తుడుచుకున్నాడు. “ఇక బాగవదన్నాడు. జెనరేటర్ల మోతకే పోయిందట.”

“నాకెందుకు చెప్పలేదు?”

“చెప్తే ఏం చేస్తావు?”

ఆమె బల్ల మీద రాలిన ఎర్ర పొడిని వేలితో ఒక పక్కకి తోసింది.

“బూడిద బండి ఇంజను కొట్టుకుంటోంది,” అంది, ఒక్కో మాటా విడదీసి.

అతను ఆమె పెదాల వంక చూస్తూ ఉండిపోయాడు. “ఎంత?”

“లోపల సుత్తి పెట్టి కొడుతున్నట్టు.”

“తమ్ముడికి వినపడిందా?”

“వినపడింది.”

“మరి చెప్పలేదేం వాడు?”

“నర్సరీలో చెప్పాడుగా. విన్నారా?”

అతను స్టూలు మీద కూర్చున్నాడు. అంత పెద్ద మనిషి, భుజాలు జారిపోయి, ఒళ్ళో రెండు చేతులూ తెరిచి పెట్టుకుని. ఆమెకి కోపం వచ్చింది, జాలీ వచ్చింది. ఏది ముందు పైకి తీయాలో తెలియక రెంటినీ మింగింది.

“మీ అమ్మతో చెప్పాలి మీరు. బయటివాళ్ళతో కాదు. ఆవిడ రోజూ ఆ పిల్లాణ్ణి కాల్చుకు తింటోంది.”

“చెప్తాను.”

“ఎప్పుడు?”

“ఇవాళే. భోజనాల దగ్గర.” పైపు వంక చూసి, “పని మాత్రం పోతుంది. తెలిసిందంటే పోతుంది,” అన్నాడు. “పక్కన ఒకళ్ళు విని నాకు సైగ చేస్తే… నేను పానా చెవికి పెట్టుకుంటాను, పక్కన వాళ్ళు చెప్తారు. తమ్ముడు విన్నా పనికిరాదు. వాడు స్విచ్చి దగ్గరుండాలి, లేకపోతే చెయిను దగ్గరుండాలి. ఇంకొకళ్ళు కావాలి. బయటివాణ్ణి పెట్టుకుంటే పొద్దున పెట్టుకున్నవాడు సాయంత్రానికి ఊరంతా చాటుతాడు.”

అతను ఏమీ అడగలేదు. ఆమె వంక చూడను కూడా లేదు. పైపు మర మీద మిగిలిపోయిన మట్టి గోటితో గీకుతూ కూర్చున్నాడు. ఆమె కింద పెట్టిన చేతిసంచీ తీసుకుంది. అందులో మేనేజరు పొద్దున ఇచ్చిన ఎర్ర చేతిపట్టీ ఉంది, లైను చూసేవాళ్ళు జబ్బకి కట్టుకునేది. సంచీ నోరు మూసి ఇంట్లోకి వెళ్ళి పొయ్యి వెలిగించింది.

భోజనాల బల్ల దగ్గర ఎవరి చోట్లు వాళ్ళవి. అతని ఎడమ పక్క ఎప్పుడూ మరిది కూర్చుంటాడు. ఆ సాయంత్రం ఆమె వడ్డించటం అవగానే ఆ కుర్చీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. మరిది ఏమీ అడక్కుండా కంచం తీసుకుని అమ్మాయి పక్కకి, బల్ల అవతలికి మారాడు.

“ఇదేమిటి, కొత్త పెళ్ళికూతురా?” అంది అత్తగారు.

ఎవరూ నవ్వలేదు.

“అమ్మా,” అన్నాడు భర్త.

అత్తగారు తలెత్తింది. మరిది ముద్ద నోట్లో పెట్టుకుని నమలటం ఆపేశాడు. అతను తమ్ముడి వంక చూశాడు, తల్లి వంక చూశాడు.

“ఆ బూడిద బండి వద్దనుకున్నానమ్మా. ఇంజను… మనకి మరీ పెద్దదైపోతుంది. తెల్లదే తీసుకుందాం.”

“నీ ఇష్టం నాయనా. నీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది,” అంది అత్తగారు.

అందరూ ఎదురుచూశారు. దేనికోసమో తెలిసినవాళ్ళు ముగ్గురే. అతని పెదాలు ఒకసారి విడివడ్డాయి. తరవాత గ్లాసు అందుకుని నీళ్ళు తాగాడు, గ్లాసు అడుగు కనిపించేదాకా తాగాడు. దించి, కూర కలుపుకోవటం మొదలుపెట్టాడు. మరిది తల వంచుకుని నోట్లో ముద్ద నమిలి మింగాడు.

ఇక చెప్పడు. ఇవాళ కాదు, రేపూ కాదు. తను చెప్పొచ్చు. చెప్తే ఈ కాసేపట్లో ఆ పిల్లాడి బరువు దిగుతుంది, ఆవిడ గుండె పగిలి వీధంతా వినపడేలా ఏడుస్తుంది. రేపటికి ఊళ్ళో చెవి మేస్త్రి ఉండడు. ఆమె మరిది వైపు చూసింది. అతను అవతలి నుంచి, బూడిదరంగు బండి దగ్గర చూసినట్టే చూశాడు.

“నేను కూడా ఒకమాట చెప్పాలి,” అంది ఆమె. గొంతు పెంచలేదు. “సోమవారం నుంచి ఫ్యాక్టరీకి వెళ్ళను. వీళ్ళతో పాటు బోర్ల పనికి వెళ్తాను. బండి వచ్చాక ముందు సీట్లో నేను కూర్చుంటాను, ఈయన పక్కన. మరిది వెనక కూర్చుంటాడు. స్విచ్చి పెట్టె దగ్గర ఉండేది మాత్రం అతనే.”

అత్తగారి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. “బండి పేరు వినగానే ఉద్యోగాలు మానేసి షికార్లా? ఆడది బురదలో పైపులు లాగుతుందా? మగపిల్లాణ్ణి వెనక కూర్చోబెట్టి నువ్వు ముందు ఊరేగుతావా?” ఆవిడ కంచం పక్కకి జరిపింది. “పైగా వాణ్ణి మళ్ళీ స్విచ్చి దగ్గర పెడతావా, ఇంకోటి కాల్చటానికి?”

“కాలిస్తే పూచీ నాది అత్తయ్యా.”

“వెనక సీటే నయంలేమ్మా,” అన్నాడు మరిది కంచంలోకి చూస్తూ. “కాళ్ళు చాపుకుని నిద్రపోవచ్చు.”

అమ్మాయి అందరి ముఖాలూ ఒక్కొక్కటే చూసింది. బల్లకి ఆ చివర, తండ్రికి కుడివైపు కూర్చుని ఉంది. “మరి సూపర్వైజరమ్మా?” అంది చిన్న గొంతుతో. “క్లాసులో ఏం చెప్పను?”

“అడిగితే, అవలేదని చెప్పు.”

అతను తింటున్నవాడల్లా కూతురి పెదాలు కదలటం చూసి ఆగాడు. ఎడమవైపు భార్య మీదికి కొంచెం వంగాడు.

“ఏమంటోంది?” అన్నాడు లోగొంతుకతో.

ఆమె అతని చెవి దగ్గరికి ముఖం తెచ్చింది.

“ఏం లేదు,” అంది. “బండి ఎప్పుడొస్తుందని అడుగుతోంది.”